మొర్లే పట్టణములోని కొయ్యమేడ

ఫ్రాన్సు దేశపు పశ్చిమాగ్రమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన బ్రిటనీ ద్వీపకల్పపు ఉత్తరభాగమున, జర్లో, కెఫ్లూ అను రెండు చిన్న యేరులు కలిసి ఒక్కటియై కడలివైపు సాగు ఇరుకు లోయలో మొర్లే అను పట్టణము కలదు. సముద్రము అక్కడికి కొన్ని మైళ్ల దూరమున నున్నను, పోటు వచ్చినపుడు ఉప్పునీరు ఊరివరకు ఎగబ్రాకి వచ్చును. ఆ పోటు వెంటనే పూర్వము సరకుల ఓడలును వచ్చి, కొండవాలున ఒదిగిన ఇండ్లకు చేరువగా లంగరు దించెడివి. ఈ పట్టణమున ర్యూ ద్యూ మ్యూర్ అను వీథిలో, 33వ సంఖ్య గల కొయ్యమేడ యొకటి 16వ శతాబ్ది ప్రథమార్ధము నుండి నేటివరకు నిలిచియున్నది. దానిని జనులు డచెస్ ఆన్ గృహమని వ్యవహరింతురు. ఫ్రెంచి ప్రభుత్వము 1883లో దానిని చారిత్రక స్మారకముల పట్టికలో చేర్చి రక్షణ కల్పించెను.

ఏ రాణి పేర ఈ యిల్లు ప్రసిద్ధమైనదో ఆ ఆన్ బ్రిటనీ 1477లో నాంత్ నగరమున జన్మించి, పదునొకండేండ్ల ప్రాయమున, 1488లో, తండ్రి మరణానంతరము, అప్పటికి స్వతంత్రమైన బ్రిటనీకి డచెస్, అనగా పాలకురాలు, అయ్యెను. 1491లో ఫ్రాన్సు రాజైన ఎనిమిదవ చార్లెసును, అతడు గతించిన పిమ్మట 1499లో అతని సింహాసనమెక్కిన పండ్రెండవ లూయీని ఆమె వివాహమాడెను. ఇద్దరు రాజులకు భార్యయై రెండు మారులు ఫ్రాన్సునకు పట్టపురాణి యైన స్త్రీ ఆమె యొక్కతెయే. 1505లో ఆమె తన పుట్టినగడ్డను ఊరూర దర్శించుచు యాత్ర సలిపినపుడు మొర్లేకును వచ్చెను. తమ స్వాతంత్ర్యమునకు కడపటి ప్రతినిధిగా బ్రెటన్ జనులు ఆమెను తరతరములుగా గుండెలలో పెట్టుకొనిరి; ఆమె పేరు చెప్పిన ఇండ్లు, గోపురములు, వీథులు ఆ దేశమున అడుగడుగున కానవచ్చును. కాని ఆమె 1514 జనవరిలో బ్లువా కోటయందు కన్నుమూసెను. ఈ గృహమో, 1530 ప్రాంతమున కట్టబడినది. కావున రాణి ఇందు విడిది చేయుట మాట యటుండ, దీని గడపనైన చూచియుండుట అసంభవము. ఇల్లు లేచిన నాటికి బ్రిటనీ, ఆమె కుమార్తె క్లోదును పెండ్లాడిన ఫ్రాన్సువా రాజు చేతిలోనికి పోయి, 1532లో ఫ్రాన్సునందు శాశ్వతముగా విలీనమగుటకు సిద్ధమగుచుండెను.

ఒక జాతికి తన రాణిపై గల మమకారమును నేను తప్పుపట్టను. అయినను ఆ పేరు ప్రక్క, ఈ యింటిని తమ సొమ్ముతో కట్టించిన వర్తకులను, తమ చేతులతో నిలిపిన వడ్రంగులను, వారి సంపదకు మూలమైన వస్త్రమును నేసిన పల్లెజనమును తలచుకొనకపోవుట నా మనస్సునకు అన్యాయముగా తోచును. ఈ గృహము ఏ రాజప్రాసాదమునకును అనుకరణము కాదు. మొర్లే బజారునందు పుట్టి, ఆ బజారు అవసరములకు తగినట్లుగా రూపుదాల్చిన కట్టడము.

చూపరి దృష్టి మొదట నిలుచునది దీని ముఖభాగముపై. క్రింది అంతస్తుకంటె పైయంతస్తు వీథిమీదికి కొంత ముందునకు పొడుచుకొని వచ్చును. దానిపైనున్నది మరికొంత ముందునకు వచ్చును. ఇరుకైన నివేశనస్థలమునకు మించి పైన చోటు సంపాదించుకొనుటకును, వానచినుకు క్రింది గోడను తడుపక నేరుగా వీథిలో పడుటకును యూరపు పట్టణములలో నాడు ఈ పద్ధతి వాడుకలో నుండెను. ఎదురెదురు ఇండ్లు రెండును ఇట్లు ముందునకు వంగగా, నడుమ వీథికి ఆకాశము సన్నని పీలికవలె మాత్రమే మిగిలెడిది. ముందునకు వచ్చిన దూలములను మోయు స్తంభముల మీద పునీతుల ప్రతిమలును, వాటి సరసననే వికృతముఖములతో నవ్వుచు, వెక్కిరించుచు నుండు విచిత్రరూపములును చెక్కబడియున్నవి. అంతకుముందరి గోథిక్ శిల్పులకు ఇష్టమైన ఈ వికటాకృతులును, ఇటలీనుండి అప్పుడప్పుడే ఉత్తరమునకు వచ్చుచున్న పునరుజ్జీవనకాలపు అలంకారాభిరుచియును ఒకే దూలముపై తగవు లేక ఇమిడియుండుట 16వ శతాబ్ది బ్రెటన్ పనివాండ్రకే చెల్లినది. రాజధానిలో మారిన అభిరుచి మారుమూల పట్టణమునకు చేరునప్పటికి పాతదానిని తుడిచివేయదు. దాని ప్రక్కన చోటు చేసికొని కూర్చుండును.

ఇటువంటి ముఖభాగమునందు గోడ బరువు మోయునది కాదు. బరువునంతయు మోయునది ఓక్ కొయ్యతో కూర్చిన చట్రము. నిలువు స్తంభములు, అడ్డదూలములు, గాలితాకిడికి చట్రము ప్రక్కకు ఒరగకుండ వాటి నడుమ ఏటవాలుగా బిగించిన కొయ్యలు, ఇవియే ఇంటి యెముకలు. వడ్రంగులు ఒక కొయ్య కొనను సన్నగా చెక్కి, మరొక కొయ్యయందు తొలిచిన రంధ్రములో దూర్చి, రెంటిని కలిపి అడ్డముగా కొయ్యమేకు దిగగొట్టెడివారు. ఇనుపమేకు నమ్ముకొన్న కూర్పు కాదది. చట్రము నంతను మొదట నేలమీద పరచి కూర్చి, ఏ కొయ్యకు ఏది జోడో తెలియునట్లు ఉలితో గుర్తులు గీసి, మరల విడదీసి, స్థలమునకు మోసికొనిపోయి నిలబెట్టుట వారి ఆచారము. ఓక్ కొయ్యను పచ్చిగా నున్నపుడే చెక్కుదురు. ఆరి గట్టిపడిన తరువాత దానిమీద ఉలి సులభముగా సాగదు. ఇంటిలో నిలిచిన తరువాత ఏండ్ల తరబడి ఆరుచు కొయ్య కొంచెము మెలిదిరుగును, అతుకులు మరింత బిగుసుకొనును. అందుచేతనే ఈ ఇండ్లు నేడు ఒకవైపునకు వాలినట్లును, నడుము వంచినట్లును కనబడినను కూలక నిలిచియుండును. చట్రము నడుమ ఖాళీలను గడ్డి కలిపి త్రొక్కిన బంకమట్టితోనో, చిన్న రాళ్లతోనో పూడ్చి, పైన సున్నము పూయుదురు. ఎడతెగని వానజల్లులు గల ఆ సీమలో కొన్ని ముఖభాగములకు, చేపకు పొలుసువలె, సన్నని పలకరాళ్లను వరుసలుగా తొడుగుటయు కలదు. మొర్లే వీథులలో ఈ నీలివన్నె పలకల తొడుగు విరివిగా కానవచ్చును.

ముఖభాగమునకు మురిసి వెనుదిరిగిన వాడు ఈ యింటిని సగమైనను చూచినవాడు కాడు. మొర్లేకే ప్రత్యేకమని చెప్పదగిన విశేషము లోపల నున్నది. వీథివైపున ఒక కట్టడము, పెరటివైపున ఒక కట్టడము, రెంటి నడుమ నేలనుండి ఇంటికప్పు వరకు అడ్డులేని విశాలమైన చావడి. మన మండువా లోగిలి నడుమనున్న ఖాళీ ఆకాశమునకు తెరచియుండగా, ఇక్కడి చావడిపైన కప్పు కలదు. ఆ కప్పునందు కూర్చిన గవాక్షమునుండి వెలుతురు దిగి అన్ని అంతస్తులకును పంచబడును. కప్పునందలి ఈ వెలుతురు మార్గమును బట్టి వీటిని లాంతరు ఇండ్లనియు పిలుతురు. ప్రక్కగోడలు రాతివి, ఒక గోడకు ఆనుకొని చావడియందు మహాకారము గల రాతి పొయ్యి లేచియున్నది. చావడికి ఒక మూలన కొయ్యమెట్లు సుడిదిరుగుచు పైకి పోవును. ప్రతి అంతస్తునందును ఆ మెట్లనుండి చావడి అంచు వెంట, ముందరి గదులను వెనుకటి గదులతో కలుపుచు, కొయ్యవసారా వంటి వంతెన యొకటి సాగును. బ్రెటన్ జనులు దానిని పోందాలెజ్ అందురు. దానిని బట్టియే ఈ జాతి ఇండ్లకు ఆ పేరు వచ్చినది.

ఈ చావడిలో నిలిచి తలయెత్తి చూచినవానికి, ఒకదానిపై ఒకటిగా ఈ వంతెనలు, చెక్కడపు పని గల వాటి కొయ్యపిట్టగోడలు, పైనుండి క్రమముగా పలుచబడుచు దిగు వెలుతురు, ఇవన్నియు కలిసి నాటకశాలను తలపించును. నాటకశాల యనుట ఊరక కాదు. ఇంటి యజమాని మీది వంతెనపై నిలిచి క్రింద చావడిలోనికి వచ్చిన బేరగానిని చూడవచ్చును. వచ్చినవాడును తలయెత్తినంతనే యజమాని ఐశ్వర్యమును కొలవవచ్చును. పొయ్యి యెత్తును, కొయ్యపనిలోని నగిషీని చూచిన పరదేశి వర్తకునికి, ఈ గృహస్థుతో నమ్మి లావాదేవీ సాగింపవచ్చునని తోచియుండును. ఇల్లు వర్తకునికి నివాసమును, కొలువుకూటమును, పరపతియును అయ్యెనని నా యభిప్రాయము.

ఆ సుడిమెట్లకు నడుమ నిలిచిన స్తంభము ఈ గృహమునకు ప్రాణము. మెట్ల యెత్తు సుమారు 11 మీటర్లు. ఆ యెత్తున నిలిచిన స్తంభము ఒకే మ్రానునుండి చెక్కబడినది. అంత పొడవుగల, వంకరలేని, తొర్రపడని ఓక్ మ్రానును అడవిలో ఎన్నుకొనుటయే ఒక విద్య. దానిమీద అంతస్తునకు అంతస్తున పునీత రోక్, పునీత నికొలాస్, పునీత క్రిస్తోఫర్, పునీత మిషెల్ నిండు విగ్రహములుగా నిలిచియున్నారు. ఈ నలుగురిని ఒక్కచోట చేర్చుటలో నాకు ఒక వర్తకుని మనస్సు స్పష్టముగా కనబడును. రోక్ మహామారి నుండి కాపాడువాడు. పరదేశపు ఓడలు వచ్చిపోవు రేవులో ప్లేగుభయము ఎన్నడును తొలగినది కాదు. నికొలాస్ నావికులకును వర్తకులకును ఇష్టదైవము వంటివాడు. క్రిస్తోఫర్ బాటసారుల రక్షకుడు. ఇక మిషెల్ చేతి త్రాసున మరణానంతరము జీవుల పాపపుణ్యములు తూగునని క్రైస్తవుల విశ్వాసము. తూనికలు, కొలతలతో జీవితము గడపు వానికి ఆ త్రాసును మరచుట తగదు. రోగము, సముద్రము, దారి, తుది లెక్క: వర్తకునికి గల నాలుగు భయములకు నలుగురు కాపరులు. శిల్పి మాత్రము అంతటితో తృప్తిపడలేదు. మొదటి, రెండవ అంతస్తుల నడుమ, పునీతుల సాన్నిధ్యముననే, ఒక దొమ్మరివానిని వాని పీపాతో సహా చెక్కి నిలిపెను. సంతలో జనము మధ్య గంతులువేసి పొట్టపోసికొను వానికి ఇట్టి ఇంటిలో ఇట్టి స్థానము దక్కుట నాకు మిక్కిలి హృదయంగమముగా నుండును. ఏ రాణి కొలువునందును వానికి ఇంతకాలము నిలుచు గౌరవము లభించియుండదు.

ఈ యైశ్వర్యమునకు మూలము అవిసెనార వస్త్రము. మొర్లేకు పశ్చిమముననున్న లెయోన్ సీమ యందలి నేల, తేమగాలి అవిసె పైరునకు అనుకూలము. విత్తనములు బాల్టిక్ తీరమునుండి ఓడలలో రోస్కోఫ్ రేవునకు వచ్చెడివి. రైతులు విత్తి, కోసి, నారదీసి, వడికి, ఆ నూలును కాన్‌డీ అను చిన్న రాతిపాకలలో బూడిదనీటితో ఉడికించి, పలుమారులు కడిగి, తెల్లబరచెడివారు. వారి ఇండ్లయందే మగ్గములాడెడివి. క్రే అను పేరుగల ఆ వస్త్రము మొర్లే వర్తకుల ద్వారా ఇంగ్లండునకును, స్పెయిన్ దేశమునకును ఎగుమతి యయ్యెను. మొర్లే వర్తకుడు కొయ్యమేడ కట్టుకొనగా, అదే సరకుపై ధనవంతులైన లెయోన్ రైతులు తమ పల్లెలలో సెంతెగోనెక్, గిమిలియో వంటి చోట్ల శిల్పసంపద గల చర్చి ప్రాంగణములను కట్టించిరి. ఒకే నారపోగునుండి ఊరిలో మేడయు, పల్లెలో దేవళమును పుట్టినవి. బ్రిటనీ శిల్పమును గూర్చి వ్రాయువారు పల్లె దేవళమును భక్తికిని, ఊరి మేడను విలాసమునకును ముడిపెట్టి వేరుచేయుదురు. రెంటికిని మగ్గమే తల్లి యని వారు తలచినట్లయితే బాగుండును.

ఆ వర్తకులలో పలువురు ఉత్తమవంశజులు. ఫ్రాన్సులోని ఇతర ప్రాంతములలో ఉన్నతకులస్థుడు చిల్లరవ్యాపారము చేసిన యెడల తన కులగౌరవమును, పన్నుమినహాయింపులను కోల్పోవును. బ్రిటనీ ధర్మశాస్త్రము మాత్రము ఈ చిక్కునకు ఒక మార్గము చూపెను: వ్యాపారము సాగించినంతకాలము వాని కులీనత్వము నిద్రించును, అంతకాలము అతడు సామాన్యులతో పాటు పన్నులు కట్టును, వ్యాపారము చాలించి ఆ సంగతి తెలియజేసిననాడు నిద్రించిన కులీనత్వము మేలుకొనును. 1580లో సంస్కరింపబడిన బ్రిటనీ ఆచారధర్మసంహిత ఈ వాడుకను గుర్తించెను. శ్రమించి గడించుట మర్యాదకు భంగకరమని యూరపు నమ్ముచున్న కాలమున, ఒక సీమవారు ఇంత మెలకువతో ఆలోచించుట ప్రశంసనీయము. ర్యూ ద్యూ మ్యూర్‌లోని ఈ గృహపు వైభవములో దొరతనపు ఛాయయు, దుకాణపు ఛాయయు కలిసియుండుటకు ఇది తగిన కారణము. వీథికి తెరచిన వెడల్పాటి క్రిందిగది అంగడి, మీదిది సంసారము. సమీపమున గ్రాండ్ ర్యూ అను వీథిలోని పాతయిండ్లకు వీథివైపు వెడల్పాటి కిటికీలును, సరకు పరచి చూపుటకు వాటి దిగువన ఏర్పరచిన అరుగులును నేటికిని కానవచ్చును.

ధనమున్న చోటికి దొంగ వచ్చును. 1522 వేసవిలో, ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము నడుచుచుండగా, సర్రీ ప్రభువు నాయకత్వమున ఆంగ్లనౌకలు ఆ తీరమునకు వచ్చి, సైనికులను దింపి, మొర్లేను కొల్లగొట్టి తగులబెట్టెను. ఊరి ప్రముఖులు ఆ సమయమున పొరుగుసంతలకు పోయియుండిరనియు, త్రాగి అడవిలో నిదురించిన శత్రువులలో కొందరిని తిరిగివచ్చిన మొర్లే జనులు పట్టి వధించిరనియు స్థలపురాణము. మనము చెప్పుకొనుచున్న గృహమును, దాని తోబుట్టువులును ఈ దహనమునకు తరువాతి సంవత్సరములకు చెందినవి. దోపిడికి గురియైన ఊరు ఒక దశాబ్దము తిరుగకుండగనే ఇట్టి మేడలను లేపుటను చూచినపుడు, నారబట్టల వ్యాపారము ఎంతటి బలముగలదో మనకు బోధపడును. ఆ వర్తకులు ఇండ్లు కట్టుటతో ఊరకుండలేదు. నదీముఖమున సముద్రమధ్యమునందలి ఒక రాతిమీద 1542లో తమ సొంత వ్యయముతో తోరో దుర్గమును నిర్మించుకొనిరి. ఆ దుర్గాధిపతిని నియమించుకొను హక్కు చాలకాలము వారిదే. 17వ శతాబ్దిలో పదునాలుగవ లూయీ దానిని తన వశము చేసికొనెను, పిదప ఆ రాజు దుర్గనిర్మాణ నిపుణుడైన వోబాన్ దానిని మరల కట్టించెను.

అదే శతాబ్ది చివర ఫ్రాన్సు, ఇంగ్లండుల నడుమ సుంకముల పోరు ముదిరి యుద్ధముగా మారగా లెయోన్ వస్త్రమునకు పెద్దబేరగాడు దూరమయ్యెను. ఈ సందర్భమున తెలుగువారికి సంబంధించిన ఒక సంగతి చెప్పక మానలేను. బ్రిటనీ దక్షిణతీరమున లోరియాన్ రేవు 1666లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ అవసరమునకై పుట్టినది; ఆ కంపెనీవారు 1669లో మన మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పిరి. మన దేశపు అద్దకపు బట్టల మోజు ఫ్రాన్సునందు ఎంత ప్రబలెనన, స్వదేశపు నేతవారి మొర విని ప్రభుత్వము 1686లో వాటిని నిషేధించి, 1759 వరకు ఆ నిషేధమును నిలిపెను. మొర్లే వర్తకుని నారబట్టకు గిరాకి తగ్గిన కాలముననే, అదే ద్వీపకల్పపు మరియొక రేవునకు కోరమాండలు తీరపు నూలుబట్ట దిగుచుండెను. ఒకదానివలన మరొకటి చెడినదని నేననను. తూర్పున మన నేతగానిని, పడమట వారి నేతగానిని ఒకే కాలపు వ్యాపారపు గాలి తాకినదనుట మాత్రము నిజము.

వ్యాపారము క్షీణించిన ఊరిలో పాతయిండ్లు కొంతకాలము సురక్షితముగా నుండును. వాటిని పడగొట్టి క్రొత్తవి కట్టుటకు ఎవరివద్దను సొమ్ముండదు. కొయ్యయిండ్లకు నిజమైన శత్రువు నిప్పు. 1720 డిసెంబరులో బ్రిటనీ రాజధాని యగు రెన్ నగరమున రేగిన మంటలు కొన్ని దినములపాటు ఆరక, కొయ్యతో కట్టిన దాదాపు వేయి ఇండ్లను భస్మము చేసెను. నగరమును మరల కట్టునపుడు రాజు పక్షమున వచ్చిన వాస్తుశిల్పి జాక్ గాబ్రియేల్ రాతిని ఎన్నుకొని, వీథులను వెడల్పుచేసి, సూటిగా దిద్దెను. అప్పటినుండి కొయ్యయిల్లు ప్రమాదకరమనియు, మోటుదనియు పై తరగతివారికి ఒక భావము పాతుకొనిపోయెను. కొన్ని ముఖభాగములు కొయ్య కనబడకుండ సున్నపుపూతతో కప్పబడినవి. ఒకడు తన కుర్రతనపు చిత్తరువును పెట్టె అడుగున దాచుకొన్నట్లు, పట్టణములు తమ పూర్వరూపమును ఆ పూత క్రింద దాచుకొనెను.

19వ శతాబ్దిలో మొర్లేకు సంభవించిన నష్టము నిప్పువలన కాదు, మార్పును కోరిన మనుష్యుల వలన. క్రొత్తవీథులు తీయుటకై పోందాలెజ్ ఇండ్లు పలుమార్లు పడగొట్టబడినవి. వాటి మెట్లు, చెక్కడపుస్తంభములు కొన్ని పాతవస్తువుల వ్యాపారుల చేతులలో పడినవి. మొర్లే ఇంటినుండి ఊడబెరికిన కొయ్యమెట్ల వరుస యొకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునందు నేడు ప్రదర్శనవస్తువై యున్నది. అక్కడ అది పదిలముగా నున్నదనుట నిజమే. దానిని వేలమంది చూచి ఆనందించుచున్నారనుటయు నిజమే. కాని ఆ మెట్లకు చావడి లేదు, పైనుండి దిగు వెలుతురు లేదు, ఈ గదినుండి ఆ గదికి నడిపించు వంతెన లేదు. ఇంటిలోని భాగము శిల్పఖండము కాగానే, దాని అందము మిగులును గాని దాని పని పోవును. డచెస్ ఆన్ గృహపు మహత్త్వము ఇచ్చటనే యున్నది: దాని మెట్లు ఇంకను ఎచ్చటికో పోవుచున్నవి.

ఈ యింటిని కాపాడిన ఆలోచన ఎట్లు పుట్టెనో స్మరింపవలెను. విప్లవకాలపు విధ్వంసమును, ఆ తరువాతి కూల్చివేతలను చూచి కలతపడిన ఫ్రెంచి పాలకులు 1830లో చారిత్రక స్మారకముల పర్యవేక్షకునిగా లుదోవిక్ వితేను నియమించిరి. 1834లో ఆ పదవికి వచ్చిన ప్రోస్పేర్ మెరిమే, కథారచయితగా మనము ఎరిగినవాడే, 1835లో బ్రిటనీతో కూడిన పశ్చిమఫ్రాన్సునంతను సంచరించి, మరుసటి యేట తన పర్యటన విశేషములను గ్రంథముగా వెలయించెను. తొలినాళ్లలో పర్యవేక్షకుల కన్ను కోటలపైనను, ప్రధానదేవాలయములపైనను నిలిచెను. వర్తకుని కొయ్యయిల్లు వారి దృష్టికి వచ్చుటకు కొంతకాలము పట్టెను. 1883లో ఈ గృహము పట్టిక కెక్కినప్పటికి, ఆ రక్షణకు సమగ్రమైన చట్టబలము లేదు; స్మారకరక్షణకు తొలి చట్టము 1887 మార్చిలో వచ్చెను. నేటి పద్ధతికి పునాదియైన చట్టము 1913 డిసెంబరు 31న ఆమోదము పొందెను. ఆ చట్టము ప్రకారము, పట్టికలోని కట్టడమును సొంతదారైనను ప్రభుత్వపు అనుమతి లేక కూల్చుటకుగాని, మార్చుటకుగాని, మరమ్మతు చేయుటకుగాని వీలులేదు. సొత్తు ఒకరిదైనను, దాని జ్ఞాపకము అందరిది యని ఒక దేశము శాసనముగా వ్రాసికొనుట సామాన్యమైన నిర్ణయము కాదు. రాణి పేరు ఈ యింటిమీద లేకుండినయెడల 1883లో ఎవరి కంటనైన పడియుండునా యని నాకు అనుమానము కలుగును. అదే నిజమైనచో ఆ పొరపాటు పేరునకు మనము ఋణపడియున్నాము.

ఈలోగా ఊరి రూపే మారిపోయెను. పారిస్ నుండి బ్రెస్ట్ రేవునకు పోవు రైలుమార్గమునకై 1861–1863 నడుమ లోయ నంతను దాటుచు 58 మీటర్ల యెత్తు, 292 మీటర్ల పొడవు గల రాతివంతెన కట్టబడెను. కొయ్యమేడలన్నియు ఆ రాతికమానుల నీడన బొమ్మరిండ్లవలె కనబడసాగెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మన్ ఆక్రమణలోనున్న ఆ రైలుదారిని తెంపుటకై 1943 జనవరి 29న బ్రిటిష్ విమానములు వంతెనపై బాంబులు వేయగా, వంతెన కొలదిగా దెబ్బతినెను గాని, చెంతనున్న శిశుపాఠశాలపై బాంబు పడి 39 మంది పసివారును, వారి ఉపాధ్యాయినియు అసువులు బాసిరి. మొర్లే చరిత్రను వ్రాయువాడు ఎన్ని మేడలను వర్ణించినను ఈ పంక్తిని విడిచి ముందునకు పోజాలడు. 1522లో ఊరిని కాల్చినవారు శత్రువులై వచ్చిరి. 1943లో వచ్చినవారు విమోచకుల పక్షమువారు. పసివారి తల్లులకు ఆ భేదమువలన కలిగిన ఊరట యేమి?

ఆ విపత్తు జరిగి నెల తిరుగకమునుపే, 1943 ఫిబ్రవరి 25న, ఫ్రాన్సునందు స్మారకములను గూర్చి మరియొక చట్టము వచ్చెను. ఈ రెంటికిని కార్యకారణసంబంధము లేదు; కాని ఆ చట్టము మొర్లేకు మేలుచేసెను. రక్షితమైన కట్టడమునకు చుట్టును 500 మీటర్ల పరిధిలో, దాని కంటికి ఆనుచోట, క్రొత్తకట్టడము లేపుటకైనను పాతదానిని మార్చుటకైనను ప్రభుత్వవాస్తునిపుణుల అంగీకారము కావలెనని అందు విధించిరి. ఇల్లొకటే మిగిలి దాని వీథి పోయినచో అది వస్తుప్రదర్శనమే యగునని శాసనకర్తలు గ్రహించిరి. తరువాతి కాలమున గ్రాండ్ ర్యూలోని 9వ సంఖ్యగల పోందాలెజ్ ఇల్లు పునరుద్ధరింపబడి, పట్టణపు మ్యూజియములో భాగమై, ప్రజలకు తెరవబడినది. అందును చావడి, పొయ్యి, సుడిమెట్లు, వంతెనలు యథాస్థానముననే యున్నవి. మొర్లేకు పోవు తెలుగు యాత్రికులు రైలువంతెననుండి ఊరిని చూచి, ఛాయాచిత్రము తీసికొని, బ్రెస్ట్ బండి ఎక్కిపోరాదు. వారు దిగి, ఈ రెండిండ్లను ఒకే పూట, మొదట గ్రాండ్ ర్యూలోనిదియు, పిదప ర్యూ ద్యూ మ్యూర్‌లోనిదియు చూడవలెనని నా కోరిక. మొదటిదానిలో ఇంటి కట్టుబడి తెలిసికొన్నవారికి, రెండవదానిలో మెట్లు ఎక్కుచు పీపాతో గంతులువేయు దొమ్మరివాని వద్ద ఆగి, ఆ ఉలి పట్టిన చేతిని నిదానముగా పరికించు తీరిక దొరకును.